వెళ్ళొస్తానని చెప్పిన చోటు

శ్మశానం నుంచి వచ్చేటప్పుడు ‘వెళ్ళొస్తా’ అనకూడదు. చావింట్లోనూ అంతే. పలకరించడానికి వెళ్ళినవాళ్ళు కాసేపు కూర్చుని, లేచి, మాట్లాడకుండా చెప్పులు వేసుకుని వచ్చేస్తారు. మా పల్నాడులో ఇది ఎవరూ ఎవరికీ కూర్చోబెట్టి నేర్పే సంగతి కాదు. అలవాటు కొద్దీ ఎవరైనా నోరు జారితే, అక్కడున్న ఆడవాళ్ళంతా వాళ్ళ వంక ఒక చూపు చూస్తారు. ఆ చూపు పడ్డవాళ్ళు మళ్ళీ జన్మలో ఆ పొరపాటు చెయ్యరు.

ఇదంతా నాకూ తెలుసు. అయినా ఉద్యోగం కోసం రాష్ట్రం దాటి వెళ్ళే ముందురోజు, మా పాపను పెట్టిన దిబ్బ దగ్గర చాలాసేపు కూర్చుని, లేస్తూ, చీరకు అంటిన మట్టి దులుపుకుంటూ, “వెళ్ళొస్తానమ్మా” అన్నాను.

నా వెనకే మా వదిన నిలబడి ఉంది. వదిన అంటే మా ఆయనకు అక్క. ఆమెది మా పక్కవీధే. మిరపకాయ కోతలకు, పత్తి తీతలకు కూలికి వెళ్తుంది. ఆమె నోటికి మేస్త్రీలు కూడా జంకుతారు. నా రెక్క పట్టుకుని ఒక్క గుంజు గుంజింది.

“బుద్దుందటే నీకు? ఈడ నిలబడి వెళ్ళొస్తా అంటారా ఎవురైనా? ఆ మాట ఇంటే ఎదురుచూస్తదే.”

కాలవ కట్ట ఎక్కి, దిగి, పేటలోకి వచ్చేదాకా ఆమె తిడుతూనే ఉంది. ఊరు విడిచి వెళ్ళేటప్పుడు ఇంట్లో వాళ్ళందరికీ చెప్పి వెళ్తాం కదా, పాప కూడా మా ఇంట్లో మనిషే కదా, అందుకని ఆ మాట దానంతట అదే వచ్చేసింది. అంతకుమించి నా దగ్గర కారణమేమీ లేదు.

మా ఊరు నకరికల్లు దగ్గర. పేట చివర చర్చి, చర్చి దాటితే సాగర్ కాలవ, కాలవ కట్ట కింద మా సమాధుల తోట. తోట అని పేరే గానీ అక్కడ తుమ్మ తప్ప ఏమీ మొలవదు. పెద్దవాళ్ళకు సిమెంటు సమాధులు, వాటి మీద సిలువలు, పేర్లు, బైబిల్ వచనాలు ఉంటాయి. పసిపిల్లలకు అవేమీ ఉండవు. పాలు మరవని బిడ్డకు సమాధి కట్టకూడదని మా పేట ముసలమ్మల పట్టుదల. కడితే ఆ బిడ్డ ఇంట్లోంచి ఇంకొకరిని తోడు అడుగుతుందట. ఇవన్నీ ఉత్త మూఢనమ్మకాలని పాస్టరుగారు ఎన్ని ఆదివారాలు చెప్పారో. అందరూ ఆమేన్ అంటారు. కట్టేవాళ్ళు మాత్రం ఒక్కరూ లేరు. నేనూ కట్టలేదు. చదువుకున్నదాన్ని, ఆసుపత్రిలో పనిచేసేదాన్ని, అయినా ధైర్యం చాలలేదు.

అందుకని పిల్లలకు కాలవ వైపు ఒక మూల వదిలిపెట్టారు. ఒక్కొక్కరికి ఒక మట్టిదిబ్బ, తల దగ్గర ఒక నాపరాయి ముక్క. ఏ దిబ్బ ఎవరిదో కన్నవాళ్ళకే గుర్తు. మాకు గుర్తు తుమ్మచెట్టు. ఆ చెట్టుకు తూర్పు పక్కన, సాయంత్రం నీడ పడేంత దగ్గరగా ఉన్నది మా పాపది.

నేను నర్సును. మా పాప జ్వరంతో పోయింది. ఈ రెండు మాటలనూ పక్కపక్కన పెట్టి నా ముందు ఎవరూ అనలేదు, అది వాళ్ళ మంచితనం. నేను మాత్రం అనుకోని రోజు లేదు. నరసరావుపేటలో చూపించాం, గుంటూరు తీసుకెళ్ళాం, చెయ్యాల్సినవన్నీ చేశారు. తప్పు ఎవరిదీ కాదు. ఎవరిదీ కాకపోవడం వల్ల తిట్టుకోవడానికి ఒక మనిషి కూడా మిగల్లేదు. అప్పటికి దానికి పళ్ళు వచ్చాయి. గోడ పట్టుకుని నిలబడుతోంది. మాటలు ఇంకా రాలేదు.

అది పుట్టినప్పుడు కాళ్ళ మీద పడుకోబెట్టుకుని నీళ్ళు పోసింది మా వదినే. ఆసుపత్రిలో ఎంతమంది పసికందులను ఎత్తుకున్నా, నా బిడ్డకు నీళ్ళు పొయ్యడం నాకు చేతనయ్యేది కాదు. వదిన నన్ను మోచేత్తో పక్కకు నెట్టి, ఇది సూదులు పొడవడమనుకుంటున్నావా అని ఎకసెక్కం చేసేది. దాన్ని మట్టిలో పెట్టిన రోజున మాత్రం వదిన లేదు. కూతురు పురుడని మాచర్ల వెళ్ళింది. ఆమె వచ్చేసరికి అంతా అయిపోయింది.

మా వైపు ఆడమనిషిని మొదటి బిడ్డ పేరుతో పిలుస్తారు. బాప్తీస్మంలో ఏ పేరు పెట్టినా మా అమ్మాయిని పేటంతా పాప అనే పిలిచింది, కాబట్టి నేను పాపోళ్ళమ్మను. తర్వాత బాబు పుట్టాడు. అయినా నా పిలుపు మారలేదు. కిరాణా కొట్టులో, కొళాయి దగ్గర, చర్చి మెట్ల మీద అందరికీ నేను పాపోళ్ళమ్మనే. మొదట్లో ఎవరు అలా పిలిచినా గుండెలో కలుక్కుమనేది. తర్వాత అలవాటైపోయింది. ఆ పిలుపు లేకుండా కూడా బతకాల్సి వస్తుందని అప్పుడు నేననుకోలేదు.

దేశం మొత్తానికి కలిపి పెట్టిన పరీక్ష రాస్తే, ఛత్తీస్‌గఢ్‌లో ఒక పెద్ద ప్రభుత్వ ఆసుపత్రిలో ఉద్యోగం వచ్చింది. పేటలో చాలామందికి ఆ రాష్ట్రం ఎటువైపు ఉందో తెలియదు. నిజం చెప్పాలంటే నాకూ సరిగ్గా తెలియదు, ఫోన్‌లో మ్యాప్ తీసి చూసుకున్నాను. మా ఆయనది మోటార్లు వైండింగ్ చేసే పని. బోరు బావులు ఎక్కడైనా ఉంటాయి, మోటార్లు ఎక్కడైనా కాలతాయి, పద పోదాం అన్నాడు. ఆయన అలాగే తేల్చేస్తాడు. పాప సంగతి మేమిద్దరం ఎత్తుకోలేదు. ఎత్తుకుంటే ఎవరో ఒకరం ఆగిపోతామని ఇద్దరికీ తెలుసు.

నా భయం ఒక్కటే. మా సమాధుల తోటలో చోటు తక్కువ. సిమెంటు సమాధుల జోలికి ఎవరూ రారు. మట్టిదిబ్బకు మాత్రం ఏటా ఈస్టరు ముందు సున్నం పడాలి. సున్నం పడితే దానికి మనుషులున్నారని లెక్క. పడకపోతే రెండు మూడు వానలకు దిబ్బ నేలలో కలిసిపోతుంది. కలిసిపోయిన చోట ఇంకొకరి కోసం గొయ్యి తీస్తారు. అందులో ఎవరి తప్పూ ఉండదు, వచ్చేవాళ్ళకు చోటు కావాలి కదా. మేము పోతే మా పాప చోటు పోతుందేమోనని నాకు భయం. వదిన ఆ భయం ఎలా కనిపెట్టిందో గానీ, బస్సు ఎక్కించేటప్పుడు నా చేతిలో పచ్చడి సీసా పెడుతూ, “సున్నం నేనేస్తాలేవే. నువ్వు దిగులు పెట్టుకోమాక” అంది.

సున్నం వెయ్యడం మా ఇంట్లో నా పనే. ఈస్టరు ముందు శనివారం, పిడుగురాళ్ళ నుంచి తెచ్చిన సున్నం గడ్డలను పాత కుండలో వేసి నీళ్ళు పోస్తే, పొయ్యి లేకుండానే కుతకుతా ఉడుకుతుంది. ఆవిరి ముక్కుకు ఘాటుగా తగులుతుంది. చల్లారాక కాస్త నీలిమందు కలిపి, కుంచె ముంచి, దిబ్బ మొత్తం తెల్లగా వేస్తాం. ఆదివారం వేకువనే పాటలు పాడుకుంటూ అందరూ వచ్చి కొవ్వొత్తులు వెలిగిస్తారు. పండుగ పూట మా వాళ్ళలో సగం మంది చేతివేళ్ళు సున్నానికి పగిలి ఉంటాయి. కొత్త ఊళ్ళో మా క్వార్టర్స్ గోడలకు ప్లాస్టిక్ పెయింట్. ఎంత గోకినా తెల్లగా చేతికి రాలదు. చేరిన కొత్తలో ఎందుకో ఆ గోడ గోకి చూశాను.

అక్కడ అంతా బాగానే ఉంది. అన్యాయంగా ఎందుకు చెప్పాలి. జీతం వేళకు వస్తుంది. తోటి నర్సుల్లో మలయాళీలు, రాజస్థాన్ వాళ్ళు, అందరూ నాలాగే సంచి సర్దుకుని వచ్చినవాళ్ళు. మా ఆయనకు బజారులో పని దొరికింది. బాబు నాకన్నా ముందు హిందీ నేర్చేసుకుని నా హిందీకి నవ్వడం మొదలుపెట్టాడు. నాకు వేసింది పిల్లల వార్డు. ఎక్కడ నొప్పి, ఎప్పటినుంచి జ్వరం, పాలు తాగుతున్నాడా, ఈ మాటలు తొందరగానే వచ్చేశాయి.

మిగతా మాటలు రాలేదు. పక్క క్వార్టర్స్‌లో ఉండే ఆవిడ మంచి మనిషి. దిగిన రోజునే టీ పంపించింది. మీకెంతమంది పిల్లలని అడిగింది. నేను వేలు చూపించాను, ఒక్క వేలు. రెండోది ఎత్తితే, అమ్మాయి ఎక్కడుంది, ఏ క్లాసు చదువుతోంది అని అడుగుతుంది. ఆ జవాబు చెప్పడానికి నాకున్న హిందీ చాలదు. ఆ రోజు నుంచి మా వరసలో అందరికీ నేను బాబు వాళ్ళ మమ్మీని అయ్యాను. వాళ్ళ తప్పేముంది. మా ఊళ్ళో కుక్కకు కూడా తెలుసు నాకు ఒక పాప ఉండేదని. ఇక్కడ వెయ్యి గడపల్లో ఎవరికీ తెలియదు. ఊరు మారితే మనతోపాటు సామాను వస్తుంది, అలవాట్లు వస్తాయి, మన పోయినవాళ్ళు మాత్రం రారని నాకు అప్పుడే అర్థమైంది.

పోయినవాళ్ళు వెంటాడతారని లోకంలో అందరూ భయపడతారు. నా సంగతి తలకిందులు. అది వెంట రాలేదని నా దిగులు. ఊళ్ళో ఉన్నప్పుడు పని మధ్యలో ఉన్నట్టుండి చంకలో దాని బరువు తెలిసేది. దండెం మీద తువ్వాలు కదిలితే అదేననిపించేది. ఇక్కడ ఏమీ లేదు. ఆటో ఎక్కినప్పుడు మాత్రం ప్రతిసారీ వెనక్కి తిరిగి చూస్తాను, ఎవరినో ఎక్కించుకోవడం మరిచిపోయినట్టు ఉంటుంది. డ్రైవర్ అద్దంలోంచి నన్ను చూసి ఇంకా ఎవరైనా రావాలా అంటాడు. ఎవరూ లేరు, పోనీ అంటాను.

మధ్యాహ్నం డ్యూటీ దిగి కాసేపు నడుం వాలిస్తే ఒకటే కనిపించేది. కాలవ కట్ట కింద, ఆ మూల, ఎండలో, మా పాప నిలబడి ఉంటుంది. ఏడవదు. దారి వంక చూస్తూ ఉంటుంది. దానికి గోడ పట్టుకుంటే గానీ నిలబడటం రాదు. అక్కడ గోడ లేదు. మరి దేన్ని పట్టుకుని నిలబడిందా అని లేచి కూర్చునేదాన్ని. వదిన అన్న మాట గుర్తొచ్చేది. వెళ్ళొస్తానని చెప్పింది నేనే కదా.

ఏటా ఈస్టరు సాయంత్రం వదిన వాట్సాప్‌లో ఫోటో పంపేది. తెల్లటి దిబ్బ, దాని మీద బంతిపూలు, పక్కన కొవ్వొత్తి. దిబ్బ మీద తుమ్మకొమ్మల నీడ వల పరిచినట్టు పడి ఉండేది. ఆ నీడను చూస్తే నాకు ప్రాణం కుదుటపడేది. ఫోన్ మార్చినా ఆ ఫోటోలు మాత్రం పోనివ్వలేదు.

తర్వాత ఒక ఈస్టరుకు వచ్చిన ఫోటోలో నీడ లేదు. దిబ్బ ఉంది, పూలున్నాయి, కొవ్వొత్తి ఉంది. నీడ ఉండాల్సిన చోట ఎండ పడి సున్నం కళ్ళు చెదిరేలా మెరుస్తోంది. ఏ వేళప్పుడు తీసిందోలే అనుకున్నాను. రెండువేళ్ళతో పెద్దది చేసి మళ్ళీ చూశాను. ఫోటో అంచున ఇంకో తెల్లదిబ్బ మొన కనిపిస్తోంది. మా పాప పక్కదానికి సున్నం వేసేవాళ్ళెవరూ లేరు, వాళ్ళెప్పుడో హైదరాబాద్ వెళ్ళిపోయారు. వదినకు ఫోన్ చేశాను. ఇది మన పాపదేనా వదినా అని అడిగాను. “మనదే. ఇంకెవురిది తీసి పంపుతానే నీకు?” అని వెంటనే కోతలు, కూలి రేట్లు, బాబు చదువు ఎత్తుకుంది. మా వదిన నేను అడిగినదానికి తిట్టకుండా జవాబు చెప్పడం అదే మొదటిసారి. అందుకే నాకు నమ్మకం పోయింది.

ఆ తర్వాత ఏడాది పొడుగునా నేను సరిగ్గా లేను. ఆటో ఎక్కినప్పుడు వెనక్కి చూడటానికి కూడా భయమేసేది. మళ్ళీ ఈస్టరు వచ్చేసరికి సెలవు అడిగి, బాబుకు పరీక్షలని తండ్రీకొడుకులను అక్కడే ఉంచి, ఒక్కదాన్నే రైలెక్కాను. శనివారం మధ్యాహ్నానికి ఊళ్ళో దిగాను. మిరపకాయల కల్లాల ఘాటుకు బస్సులోనే తుమ్ములు మొదలయ్యాయి. దిగగానే కొట్టు అరుగు మీద నుంచి ఎవరో “పాపోళ్ళమ్మా, ఎప్పుడొచ్చినావు” అన్నారు. నాకు అక్కడే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఘాటు అనుకుని ఉంటారు.

వదిన ఇంటి ముందు కుండలో సున్నం అప్పటికే ఉడికి చల్లారి ఉంది. నన్ను చూసి ఆమె మొహంలో రంగు మారింది. ఎండగా ఉంది, అన్నం తిను, తెల్లారి అందరితో కలిసి వద్దువులే అంది. నేను సున్నం బకెట్ అందుకుని నడిచాను. ఆమె కుంచె పట్టుకుని నా వెనక వచ్చింది. ఇద్దరం కట్ట ఎక్కాం. కాలవలో నీళ్ళు లేవు.

కట్ట మీద నుంచి చూస్తే తుమ్మచెట్టు లేదు. ఆ మూలలో తుమ్మ అన్నదే లేదు. కింద చిన్నచిన్న దిబ్బలు బోలెడు. అన్నిటికీ పోయినేటి సున్నం, వానకు అక్కడక్కడా చెదిరిపోయి, ఒకేలా తెల్లగా ఉన్నాయి. ఒక్కదానికీ తల దగ్గర రాయి లేదు. నేను దిగి, చెట్టు ఉండాల్సిన చోట నిలబడి, తూర్పుకు తిరిగాను. ఇదే అనుకున్నాను. రెండడుగులు వేసేసరికి, కాదు, అదేమో అనిపించింది.

బకెట్ కింద పెట్టేసి మా ఆయనకు వీడియో కాల్ చేశాను. దాన్ని చేతుల మీద తీసుకొచ్చి గోతిలోకి దించింది ఆయనే. మన పాపది ఏదో నువ్వు చెప్పు అని ఫోన్‌ను అటూ ఇటూ తిప్పాను. ఆయన చాలాసేపు తెర వంక చూశాడు. “చెట్టు ఏది?” అన్నాడు. లేదన్నాను. షాపులో మోటారు తిరుగుతున్న చప్పుడు మాత్రం వినిపించింది. మా ఇద్దరికీ ఉన్న గుర్తు ఆ ఒక్కటే.

నేను నేల మీద కూలబడ్డాను. వదిన కూడా నా పక్కన కూర్చుంది. అప్పుడు చెప్పింది. శవాల బండి లోపలికి రావడానికి దారి లేదని సంఘం పెద్దలు పొక్లెయిన్ పెట్టి తుమ్మంతా తీయించారట. మంచికే చేశారు. వానాకాలం, నేల మెత్తగా ఉంది. బండి తిరిగిన చోటల్లా దిబ్బలు అణిగిపోయాయి, రాళ్ళు కంచె పక్కకు పోయాయి. ఆ రోజు వదిన కలుపు తీతకు వెళ్ళింది. సాయంత్రం ఎవరో చెబితే పరిగెత్తుకుని వచ్చిందట. అప్పటికి పిల్లల మూలలో ఎత్తుపల్లాలు తప్ప ఇంకేమీ మిగల్లేదు.

“నాకేం తెలుసే ఏది మన పాపదో. పెట్టిన రోజు నేను లేకపోతిని. చెట్టుకాడ అని నువ్వు చూపిత్తే సున్నం ఏసేదాన్ని. చెట్టు పాయె. నీకు చెబితే ఆడ నువ్వొక్కదానివే ఏడుస్తావు. అందుకని ఎత్తుగా కనపడ్డ కాడల్లా గంపతో మట్టి పోసినా. అన్నిటికీ ఏసినా సున్నం. వాటిల్లో యాదో ఒకటి మనదవుద్దిగా. మిగతావి ఎవురి పిల్లలైతే ఏంది.”

నాకు కోపం రావాలి. రాలేదు. ఏడుపు వచ్చింది, అది కూడా అనుకున్నంత రాలేదు. ఏడాదిగా నేను చూసి దండం పెట్టుకున్న ఫోటోలో ఉన్నది ఎవరి బిడ్డో నాకు తెలియదు, వదినకూ తెలియదు. ఏ దిబ్బ ముందు కూర్చోవాలో తెలియని తల్లిని నేను. ఈ మాట రాయడానికి ఇప్పటికీ చెయ్యి సాగడం లేదు. అయినా ఒకటి మాత్రం నిజం. ఆ మూలలో మా పాప ఉంది. అది ఉన్న చోట సున్నం పడింది. ఎవరూ దాన్ని తవ్వలేదు.

వదిన లేచి కుంచె తీసుకుంది. నేను కొంగు బిగించి బకెట్ పట్టుకున్నాను. కాలవ వైపు నుంచి మొదలుపెట్టి, ఒక్కొక్క దిబ్బకూ తల వైపు నుంచి కాళ్ళ వైపుకు, వదిన బిడ్డకు నీళ్ళు పోసినంత నెమ్మదిగా వేసుకుంటూ వచ్చింది. కొన్నిటికి నేను వేశాను. ప్రతి దిబ్బ దగ్గరా, ఇదేమో అని చెయ్యి ఒక క్షణం ఆగేది. ఆఖరుదానికి వేసేసరికి పొద్దు వాలింది. నా వేళ్ళు మంటెక్కిపోతున్నాయి. ఆ మంట నాకు ఊరటగా ఉంది.

ఈస్టరు ఆరాధన అయ్యాక, ఆదివారం సాయంత్రమే నా రైలు. వేకువనే అందరితోపాటు వచ్చి ప్రతి దిబ్బకూ ఒక కొవ్వొత్తి పెట్టాను. పాటలు అయిపోయి, పాస్టరుగారు ప్రార్థన చేసి, జనం కట్ట ఎక్కి వెళ్ళిపోయారు. నేనూ వదినా మిగిలాం. బయల్దేరాలి. నేను ఆ దిబ్బల మధ్య నిలబడి, వదిన వంక చూడకుండా, నోట్లో నోట్లో “వెళ్ళొస్తానమ్మా” అన్నాను.

రెక్క పట్టుకుని గుంజుతుందనుకున్నాను. ఆమె కదల్లేదు. కొంగుతో మొహం తుడుచుకుంది.

“గట్టిగా చెప్పవే” అంది. “ఏ మూలనుందో, దానికి ఇనపడొద్దా.”

గట్టిగానే చెప్పాను.